పాత పుస్తకం వాసన వేరు, బూజు వాసన వేరు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పుస్తకాల మరమ్మతు పనిలో ఉన్నవాళ్లకి పదే పదే వినపడే మాట ఒకటుంది: "కాస్త వాసనొస్తోందండీ, పాతది కదా, మామూలే." అట్ట ఊడిందనో, కుట్టు తెగిందనో పుస్తకం పట్టుకొస్తారు. వాసన సంగతి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చెప్తారు. నిజానికి ముందు చెప్పాల్సింది అదే. అట్ట ఊడిన పుస్తకం ఇంకో పదేళ్లు బీరువాలో పడున్నా పెద్ద నష్టం లేదు. ఆ వాసన వెనకున్నది మాత్రం పక్క పుస్తకాలకీ పాకుతుంది.

అపోహ: పాత పుస్తకమన్నాక ముక్కిన వాసన సహజం.

కానే కాదు. జనం ఒకటే అనుకునేవి ఇక్కడ రెండు వాసనలు.

మొదటిది కాగితం వయసుది. కాగితంలోని సెల్యులోజ్ (మొక్కల నార), లిగ్నిన్ (చెక్కకి గట్టిదనం ఇచ్చేది) ఏళ్ల తరబడి విచ్ఛిన్నమవుతూ ఆవిరయ్యే పదార్థాల్ని వదుల్తాయి. లిగ్నిన్ నుంచి వెనిలిన్ వస్తుంది, ఐస్‌క్రీమ్‌లో వేసేదే. సెల్యులోజ్ నుంచి ఫర్‌ఫ్యూరల్. బాదం వాసన తగిలితే అది బెంజాల్డిహైడ్. కాస్త పుల్లగా ఉంటే ఎసిటిక్ ఆమ్లం. ఈ ఆవిర్లని కొలిచి, పేజీ ముట్టుకోకుండానే కాగితం ఎంత పాడైందో అంచనా వెయ్యొచ్చని 2009లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మతియా స్ట్రిలిచ్ బృందం చూపించింది. 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, అది దేని వాసనో చెప్పకుండా పాత పుస్తకం వాసన చూపిస్తే చాలామంది చాక్లెట్ అన్నారు, కొందరు కాఫీ అన్నారు. అంటే పొడిగా, తియ్యగా ఉండే వాసన. మనం పేజీల్లో ముక్కు పెట్టి మురిసిపోయేది దానికే.

రెండోది చెమ్మ వాసన. తడిసిన గోనెసంచిలా ఉంటుంది. అది కాగితానిది కాదు, కాగితాన్ని తింటున్న బూజుది. పుట్టగొడుగులకి ఆ వాసననిచ్చే పదార్థమే బూజు దగ్గరా వస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి అలాగే నిలబడితే బూజు లేస్తుంది. పుస్తకం తడిసిపోతే రెండు మూడు రోజులు చాలు. పైకి ఏమీ కనపడకపోవచ్చు. పుస్తకాన్ని మధ్యకి తెరిచి, పేజీలు కుట్టులోకి దిగే చోట వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి. బూడిద రంగు నూగు ఉంటే మెత్తటి బ్రష్ కొసతో తాకండి. జిగటగా పూసుకుపోతే అది బతికి పెరుగుతోంది. పొడిలా రాలితే ప్రస్తుతానికి పడుకుంది. చచ్చిందనుకోకండి, తేమ తగిలితే మళ్లీ లేస్తుంది. ఇంకోమాట: ఇంట్లో రోజూ ఉండే వాసన ఆ ఇంటివాళ్ల ముక్కుకి అందదు, అలవాటు పడిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లని అడగడం మేలు.

ఒకావిడ వాళ్ల నాన్నగారి నిఘంటువు తెచ్చారు. మూడు ప్లాస్టిక్ కవర్లు, ఒకదాని మీద ఒకటి, పైన టేపు. "నాన్న వాసన పోకూడదని గాలి తగలకుండా కట్టానండీ" అన్నారు. లోపలి కవరుకి సన్నటి నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. వెన్ను పక్కన నూగు. చివరి పేజీలు గోధుమరంగు మచ్చలతో ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆవిడ కళ్లు మూసుకుని వాసన పీల్చి, "అచ్చం ఆయన గదిలా ఉంది" అన్నారు. ఆ గది గోడకి చెమ్మ ఉండేదా అని అడిగాను. ఉండేదట. అంతకుమించి ఏం చెప్పను? పుస్తకం ఆరింది, శుభ్రమైంది, కానీ అతుక్కున్న పేజీల్ని విడదీసేటప్పుడు కొన్ని అక్షరాలు అవతలి పేజీకి అంటుకుపోయాయి. ఆవిడ మీద నాకు కోపం లేదు. "ప్లాస్టిక్‌లో చుడితే భద్రం" అని ఆవిడకి చెప్పినవాళ్ల మీద ఉంది. చెమ్మతో ఉన్న పుస్తకాన్ని కవర్లో బిగిస్తే బూజుకి ఇల్లు కట్టిచ్చినట్టే.

ముక్కిన వాసన పట్టిన పుస్తకాన్ని ముందు మిగతావాటి నుంచి విడదీయండి. చదువుదాం, ఆరబెడదాం అని బీరువాలోనే ఉంచొద్దు. పొడిగా ఉన్న గదిలో పేజీలు విచ్చుకునేలా నిలబెట్టి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. పూర్తిగా ఆరాకే, ఆరుబయట, మాస్కు పెట్టుకుని, మీకు ఎదురుగా కాకుండా బ్రష్‌తో దులపండి. తడిగా ఉండగా రుద్దితే బూజు కాగితంలోకి ఇంకుతుంది. ఒకేసారి చాలా పుస్తకాలు తడిసి, ఆరబెట్టే దారి లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టండి. అది బూజుని చంపదు, ఆపుతుంది. మీకు టైము దొరుకుతుంది. ఆరాక కూడా వాసన ఉంటే, మూతపడే పెట్టెలో పుస్తకం ఒక పక్క, గిన్నెలో వంటసోడానో యాక్టివేటెడ్ బొగ్గో ఇంకో పక్క పెట్టి కొన్ని వారాలు వదిలెయ్యండి. సోడా పేజీల మధ్య చల్లమని చెప్పేవాళ్ల మాట వినకండి, దాన్ని దులిపి దులిపి విసిగిపోయాం.

అపోహ: ఎండలో పెడితే సరి.

ఎండకి బూజు మొత్తం చావదు. కాగితం పసుపెక్కుతుంది, అట్ట వంకర తిరుగుతుంది, జిగురు ఎండి పెళుసవుతుంది.

అపోహ: కలరా ఉండలు వేస్తే వాసనా పోతుంది, బూజూ పోతుంది.

ఒక వాసన మీద ఇంకో వాసన కూర్చుంటుంది, అంతే. పైగా కాగితం ఆ నాఫ్తలీన్ వాసనని పట్టుకుని ఓ పట్టాన వదలదు. జి6పిడి లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్న పసిపిల్లలకి నాఫ్తలీన్ వల్ల ఎర్రరక్తకణాలు చితికిపోతాయి. పిల్లలున్న ఇంట్లో పుస్తకాల బీరువాలో అవి పెట్టకండి.

అపోహ: పుస్తకం ఎంత పాతదైతే అంత సువాసన.

తిరగబడే సందర్భాలే ఎక్కువ. 19వ శతాబ్దం మధ్యదాకా కాగితం ఎక్కువగా పాత గుడ్డపేలికలతో చేసేవారు, అందులో లిగ్నిన్ దాదాపు ఉండదు. మూడొందల ఏళ్ల నాటి పేజీ తెల్లగా, వాసనే లేకుండా ఉండటం చూస్తుంటాం. చెక్కని నూరి చేసిన గుజ్జు కాగితం వచ్చాక లిగ్నిన్ వచ్చింది, దాంతోపాటు కాగితంలో కలిపే పటిక వల్ల ఆమ్లం కూడా. 1950ల నాటి చౌకరకం నవల గుప్పుమనేది అందుకే. ఆ కమ్మటి వాసన పుస్తకం ఆరోగ్యానికి గుర్తేమీ కాదు, కాగితం కొంచెం కొంచెంగా పోతోందని అర్థం. కంగారు అక్కర్లేదు. చల్లగా, పొడిగా ఉంచితే ఆ పోవడం బాగా నెమ్మదిస్తుంది.

కొత్త పుస్తకం వాసన అంతా ఇంకుదేనంటారు. ఇంకుతోపాటు వెన్నుకి వేసే జిగురు, కాగితం మీద పూత కూడా ఉంటాయి. అందుకే ఒక ప్రచురణ వాసన ఇంకోదానికి రాదు.

చివరగా, భయపడుతూ అడిగేవాళ్లు: పుస్తకాల వాసన పీలిస్తే జబ్బు చేస్తుందా? శుభ్రంగా ఉన్న పాత పుస్తకంతో చెయ్యదు, నిశ్చింతగా పీల్చండి. ఆస్తమా, ఎలర్జీ ఉన్నవాళ్లు మాత్రం బూజు పట్టిన పుస్తకం జోలికి వెళ్లొద్దు. ఇక వాసనే లేని ప్రమాదం ఒకటుంది. 19వ శతాబ్దం నాటి కొన్ని బట్ట అట్టల మెరిసే ఆకుపచ్చ రంగులో ఆర్సెనిక్ అనే విషం ఉంటుంది. అమెరికాలోని వింటర్‌థర్ మ్యూజియం, డెలావేర్ యూనివర్సిటీ 2019 నుంచి అలాంటి వాటి జాబితా తయారుచేస్తున్నాయి. ఆ కాలపు పచ్చట్ట మీ చేతికొస్తే ముక్కు దగ్గర పెట్టుకోకండి, నైట్రైల్ రబ్బరు గ్లవ్స్‌తో పట్టుకోండి. ఇందాక ప్లాస్టిక్ కవరు వద్దన్నాను కదా, పొడిగా ఉన్న ఆ పచ్చట్ట పుస్తకాన్ని మాత్రం జిప్ కవర్లోనే పెట్టాలి.