స్లాగ్ కంకరతో రోడ్లు: అపోహలు – వాస్తవాలు

రోడ్డు మెటీరియల్ పరీక్షించే ల్యాబ్‌లో నా పని. స్లాగ్ పేరెత్తగానే "ఫ్యాక్టరీ చెత్తను రోడ్డు మీద పోస్తున్నారు" అంటారు కొందరు. "రాయి కంటే గట్టిది, కళ్లు మూసుకుని వాడొచ్చు" అంటారు ఇంకొందరు. ఈ రెండోవాళ్లతోనే నాకు టెన్షన్ ఎక్కువ.

అపోహ: స్లాగ్ చెత్త, రాయికి సాటి రాదు.

లోహాన్ని కరిగించి శుద్ధి చేసేటప్పుడు పైకి తేలే మలినాలు చల్లారి గట్టిపడితే అదే స్లాగ్. పాతవాళ్లు చిట్టెం అనేవారు. ఉక్కు స్లాగ్‌ను క్రషర్‌లో వేస్తే ముక్కలు గరుకుగా, పదునైన అంచులతో వస్తాయి. ఆ గరుకు తొందరగా అరగదు. చక్రాల రాపిడికి సున్నపురాయి నునుపెక్కి వానలో జారే చోట కూడా ఇది టైరుకు పట్టు ఇస్తుంది. పైగా దీనికి క్షార గుణం ఉంటుంది కాబట్టి తారు బాగా అంటుకుంటుంది. బరువు బండ్లు తిరిగే మలుపుల్లో పై పొరకు నేను ముందు అడిగేది దీన్నే.

అపోహ: ఏ స్లాగైనా ఒకటే.

రోడ్లు పాడయ్యేది ఇక్కడే. ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ వేరు, ఆ ఇనుమును ఉక్కుగా మార్చేటప్పుడు వచ్చే ఉక్కు స్లాగ్ వేరు. ఉక్కు స్లాగ్‌లో రసాయనంగా కలవకుండా మిగిలిపోయిన సున్నం ఉంటుంది. దానికి నీరు తగిలితే ఘనపరిమాణం దాదాపు రెండింతలవుతుంది.

ఒక రోడ్డు బేస్‌లో, అంటే తారు కింది పొరలో, అప్పుడే తెచ్చిన ఉక్కు స్లాగ్ పరిచారు. బలం, అరుగుదల పరీక్షలన్నీ పాసయ్యాయి. పొంగుదల పరీక్ష రిపోర్టు మాత్రం లేదు, నేనూ అడగలేదు. వానలు పడ్డాక తారు పొర అక్కడక్కడా బుడిపెల్లా లేచి, నడిమధ్య నక్షత్రంలా చీలింది. తవ్వి చూస్తే కింద ముక్కలు తెల్లగా పొడిపొడి అయిపోయి ఉన్నాయి. ఆ రిపోర్టు లేకుండా ఆ తర్వాత నేను ఎక్కడా సంతకం పెట్టలేదు.

అందుకే ఉక్కు స్లాగ్‌ను కుప్పలు పోసి, నెలల తరబడి తడుపుతూ మాగనిస్తారు. ఆవిరి పట్టించి ఆ గడువును బాగా తగ్గించే పద్ధతీ ఉంది. "ఆరు నెలలు మాగబెట్టాం" అన్న మాట ఒక్కటే చాలదు. ఇందులోని మెగ్నీషియా (మెగ్నీషియం ఆక్సైడ్) సున్నం కంటే చాలా నిదానంగా, ఏళ్ల తరబడి పొంగగలదు. ఆవిరి పట్టించి చేసే పొంగుదల పరీక్షలో ఎంత పొంగిందో అంకె చూడాలి.

అపోహ: టన్ను రాయి తీసి టన్ను స్లాగ్ వేస్తే సరి.

మామూలు కంకర సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.6–2.7 గ్రాములు ఉంటే, ఉక్కు స్లాగ్‌ది ఎక్కువగా 3.2–3.6 ఉంటుంది. కంకరంతా స్లాగే అయితే, అదే మందం రావడానికి సుమారు పావు వంతు ఎక్కువ టన్నులు కావాలి. రవాణా ఖర్చూ ఆ మేరకు పెరుగుతుంది కాబట్టి దూరం నుంచి తెస్తే లాభం దారిలోనే పోతుంది. ముతక స్లాగ్‌కు మామూలు రాతి పొడి కలిపేటప్పుడు బరువు శాతాలు పట్టుకుంటే మిక్స్‌లో పొడి వాటా పెరిగిపోతుంది. లెక్క ఘనపరిమాణంలోనే వేయాలి. తారు శాతం తగ్గినట్టు కనిపించడం కూడా చాలాసార్లు ఈ బరువు చేసే మాయే.

అపోహ: రాగి స్లాగ్, బూడిద కూడా ఇలాగే వాడొచ్చు.

రాగి స్లాగ్ గాజులా నున్నగా ఉంటుంది. ఇసుక సైజు కంకరలో కొంత భాగంగా బాగుంటుంది, మోతాదు మించితే గింజలు ఒకదానికొకటి పట్టుకోవు. ఫ్లై యాష్ (బొగ్గు మండించగా వచ్చే మెత్తటి బూడిద) అసలు కంకరే కాదు, సందులు నింపే ఫిల్లర్.

అపోహ: నేలలోకి విషం దిగుతుంది.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. తారు పూత పడిన ముక్క నుంచి ఊట చాలా తక్కువ. పూత లేకుండా బేస్‌లో పరిచి, నీరు నిలిస్తే కథ వేరు. ఉక్కు స్లాగ్ నుంచి దిగే నీటి పీహెచ్ 11 దాటవచ్చు, అంటే బాగా క్షారం. అందులోని సున్నం గాలి తగిలి, డ్రెయిన్ పైపుల్లో తెల్లని గట్టి పొరగా పేరుకుని వాటిని మూసేస్తుంది. నీటిలోకి లోహాలు ఎంత దిగుతాయో చూసే ఊట పరీక్ష కూడా ప్రతి కొత్త సరుకుకూ చేయించాలి. నీరు నిలిచే పల్లాల్లో, బావులకు, చెరువులకు దగ్గర్లో బేస్‌కు మామూలు రాయే వాడమంటాను.