డే కేర్‌లో కెమెరా ఉంది, శిక్షణ షరతు ఏమైంది?

షాపూర్‌నగర్ వీడియోతో చర్చ మళ్లీ మొదలైంది. 2025 నవంబరు చివర్లో జీడిమెట్ల పరిధిలోని ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ల నర్సరీ పాపను ఆయా కొట్టిన దృశ్యం టీవీల్లో రోజంతా తిరిగింది. అంతకు మూడు నెలల ముందే నోయిడాలో, ఒక అపార్ట్‌మెంట్ డే కేర్‌లో, పదిహేను నెలల పాపను హింసించిన ఉదంతం బయటపడింది. రెండుసార్లూ ముందు వినిపించిన డిమాండ్ ఒకటే: సీసీ కెమెరాలు పెట్టండి, లైవ్ లింకు తల్లిదండ్రుల ఫోన్లకు ఇవ్వండి. దీనితో యాజమాన్యాలకూ పెద్ద పేచీ లేదు. కెమెరా ఖర్చు ఒక్కసారితో అయిపోతుంది. పని నేర్చుకున్న మనిషికైతే నెలనెలా జీతం ఇవ్వాలి.

నోయిడాలో కెమెరాలు ఉన్నాయి. 2016లో నవీ ముంబై ఖార్‌ఘర్‌లో పది నెలల పాపను ఆయా కొట్టి, విసిరేసిన చోటా ఉన్నాయి. పోలీసులకు సాక్ష్యం దొరికింది, పాపకు దెబ్బ తప్పలేదు.

నిజానికి ఇప్పటి గొడవ మూలం ఆ ఖార్‌ఘర్ ఘటనకు అటూ ఇటూ ఉన్న ఏడు నెలల్లో ఉంది. 2016 ఆగస్టులో మాతృత్వ ప్రయోజనాల సవరణ బిల్లు రాజ్యసభ దాటింది. నవంబరులో ఖార్‌ఘర్ వీడియో దేశమంతా చూసింది. 2017 మార్చి 9న అదే బిల్లును లోక్‌సభ ఆమోదించింది. 12 వారాల సెలవు 26 వారాలు అయిందన్న సంబరంలో క్రెష్ (తల్లులు పనిలో ఉన్నప్పుడు పసిపిల్లలను చూసుకునే చోటు) సెక్షన్‌ను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఆ 11ఎ సెక్షన్ చెప్పేది ఇంతవరకే. ఆ నాలుగుసార్లు కాక మిగతా సమయమంతా బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుంది, ఆ మనిషికి ఏం తెలిసి ఉండాలి అన్నది అందులో లేదు.

అప్పటిదాకా మన చట్టాల్లో, బిడ్డను చూసుకునే మనిషికి శిక్షణ ఉండాలన్న షరతు లేకపోతే పొరపాటున మర్చిపోయారనుకోవచ్చు. కానీ ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ప్రకారం క్రెష్‌ను పసిపిల్లల సంరక్షణలో శిక్షణ పొందిన మహిళలకే అప్పగించాల్సి ఉండేది. గదిలో వెలుతురు, గాలి, శుభ్రత ఉండాలని కూడా అక్కడే రాశారు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టంలోనూ అదే షరతు. అమలు ఎంత ఘోరంగా ఉండేదో కార్మిక సంఘాలను అడిగితే చెబుతాయి, అది వేరే కథ. అయినా ఇటుకలు మోసే తల్లి బిడ్డకు కాగితం మీదైనా దక్కిన హామీ, గచ్చిబౌలిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే తల్లి బిడ్డకు 2017 చట్టంలో దక్కలేదు.

2018 నవంబరులో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మార్గదర్శకాలు విడుదల చేసింది. 30 మంది పిల్లలకు ఒక క్రెష్, అర కిలోమీటరు దూరంలోపే ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఉండాలి అంటూ చాలా వివరంగా రాశారు. అయితే అవి మార్గదర్శకాలు. పాటించకపోతే ఏమవుతుందని అడిగితే జవాబు లేదు. బాలల హక్కుల కమిషన్ ప్లే స్కూళ్లకు ఇచ్చిన నియమాలు 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక సంరక్షకురాలు ఉండాలంటాయి. అవి మూడేళ్లు దాటినవారికే. డే కేర్‌లో అసలు కష్టం అంతకన్నా చిన్న పిల్లలతోనే.

2017లోనే ఇంకో మార్పు జరిగింది. కేంద్రం తన క్రెష్ పథకం ఖర్చులో 30 శాతం చాలా రాష్ట్రాల మీద పెట్టింది. ఒకప్పుడు 20 వేలకు పైగా ఉన్న ఆ క్రెష్‌లు కొన్నేళ్లకే ఏడు వేల లోపుకు పడిపోయాయి. నడిచినవాటిలో కార్యకర్తకు నెలకు రూ.3,000, సహాయకురాలికి రూ.1,500 గౌరవ వేతనం. రోజంతా పసిపిల్లలను సాకే పనికి సర్కారే ఈ ధర కట్టినప్పుడు ప్రైవేటు డే కేర్ ఆయమ్మకు ఎంత ఇస్తుందో ఊహించడం కష్టం కాదు. 2022లో పాల్నా పేరుతో 17 వేల అంగన్‌వాడీ క్రెష్‌ల లక్ష్యం ప్రకటించారు. అది పెద్ద నగరాల ఐటీ కారిడార్ల డిమాండ్‌ను తీర్చేది కాదు.

యాజమాన్యాల వాదన కొట్టిపారేసేది కాదు. అద్దెలు ఎక్కువ, నేర్పించిన మనిషి వెయ్యి రూపాయలు ఎక్కువిస్తే పక్క సెంటర్‌కు పోతుంది, ఫీజు పెంచితే తల్లిదండ్రులే గొడవ చేస్తారు అంటారు. తల్లిదండ్రులు కూడా చేరేముందు ఏసీ ఉందా, మెనూ ఏంటి అని అడిగినంతగా ఆయాకు ఏం నేర్పారని అడగరు.

నేర్పాల్సింది ఓపిక ఒక్కటే అయితే ఇంత రాయక్కర్లేదు. ఏడాదిలోపు బిడ్డకు గొంతులో ఏదైనా అడ్డుపడి ఊపిరాడకపోతే పెద్దవాళ్లకు చేసినట్టు పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపుపై ఐదుసార్లు చరచాలి, తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఐదుసార్లు నొక్కాలి. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలి. ఒకేసారి ముగ్గురు ఏడుస్తుంటే ముందు ఎవరిని ఎత్తుకోవాలి, తనకే కోపం నషాళానికి అంటినప్పుడు బిడ్డను మంచం మీద పెట్టి ఎవరిని పిలవాలి అన్నదీ నేర్పే విషయమే. నేర్పేవాళ్లు లేరా అంటే, 1969లో ఢిల్లీలోని నిర్మాణ స్థలం దగ్గర మొదలైన మొబైల్ క్రెషెస్ సంస్థ దశాబ్దాలుగా ఈ పనే చేస్తోంది. పెద్ద చదువు లేని బస్తీ మహిళలు కూడా అక్కడ ఈ పని నేర్చుకున్నారు.

ఘటన జరిగాక శిక్షించే చట్టం బలంగానే ఉంది. బాలల సంరక్షణ బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవారు క్రూరంగా ప్రవర్తిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, ఐదు లక్షల వరకు జరిమానా. అది ఎక్కువగా పడేది ఆయా మీదే.

షాపూర్‌నగర్ వీడియో వచ్చిన నెలలోనే, 2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సామాజిక భద్రత కోడ్ 67వ సెక్షన్ 2017 నాటి క్రెష్ నియమాన్నే కొనసాగించింది. సంస్థలు ప్రైవేటు క్రెష్‌ను వాడుకోవచ్చని, కొన్ని కలిసి ఉమ్మడిగా ఒకటి పెట్టుకోవచ్చని అదనంగా చేర్చింది. శిక్షణ షరతు ఆ సెక్షన్‌లోనూ లేదు. ఆ షరతున్న 1948 ఫ్యాక్టరీల చట్టం కోడ్‌లలో కలిసిపోయింది. కెమెరాల గురించి వినతిపత్రాలు రాస్తున్న తల్లిదండ్రుల సంఘాలు, కోడ్‌ల కింద వచ్చే నిబంధనల్లో ఈ ఒక్క షరతు కోసం పట్టుబడతాయా అన్నది చూడాలి.