మ్యాడ్ మెన్: ఆ ప్రేమల వెనక ఉన్న అసలు న్యూయార్క్

న్యూయార్క్‌లోని ఒక యాడ్ ఏజెన్సీ కథ చెప్పే అమెరికా టీవీ సీరియల్ మ్యాడ్ మెన్ గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, సీరియల్ బాగుంది గానీ ఆ ఆఫీసులో ఎవరిని చూసినా ఎవరితోనో అఫైర్‌లో ఉంటారేంటి, ఏ ఆడమనిషి పైకొచ్చినా వెనక ఒక మగాడి పేరు వినిపిస్తుందేంటి అని. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే మాత్రం 2007లో మొదలై 2015 దాకా నడిచిన ఆ 92 ఎపిసోడ్లు పక్కన పెట్టి, కథ జరిగిన కాలంలోకి వెళ్ళాలి.

కథ మొదలయ్యేది 1960లో. పెగ్గీ ఓల్సన్ సెక్రటరీగా చేరుతుంది. అప్పట్లో అమెరికా పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు మగవాళ్ళకి ఒక కాలమ్, ఆడవాళ్ళకి ఇంకో కాలమ్. న్యూయార్క్ టైమ్స్ ఆ పద్ధతి మానేసింది 1968లో. ఉద్యోగాల్లో ఆడా మగా తేడా చూపకూడదన్న చట్టం 1964లో వచ్చి, మరుసటి ఏడు జూలైలో అమల్లోకొచ్చింది. ఆఫీసులో లైంగిక వేధింపు ఆ చట్టం కిందికే వస్తుందని సుప్రీంకోర్టు తేల్చేసరికి 1986 అయింది. అంటే సీరియల్ ముగిసే 1970 నాటికి కూడా అదే ఏజెన్సీలో పనిచేసే జోన్ పడ్డ వేధింపుల బాధకి చట్టంలో ఒక పేరంటూ లేదు.

ఇక నిజంగా బతికిన మనుషుల సంగతి. యాడ్లు రాసే షిర్లీ పాలికాఫ్ నాకు చాలా ఇష్టమైన మనిషి. పెళ్ళికి ముందు కాబోయే అత్తగారిని చూడటానికి వెళ్తే, ఆవిడ తర్వాత కొడుకుని అడిగిందట, ఆ అమ్మాయి జుట్టుకి రంగు వేసుకుంటుందా వేసుకోదా అని. ఆ ప్రశ్ననే 1956లో క్లెరాల్ హెయిర్ కలర్ యాడ్‌గా రాసింది షిర్లీ: "వేసుకుంటుందా... వేసుకోదా?" లైఫ్ పత్రికలోని మగవాళ్ళు ఇందులో డబుల్ మీనింగ్ ఉంది, వేయం అన్నారు. ఆఫీసులో ఆడవాళ్ళని అడిగి చూస్తే ఒక్కరికీ అలా అనిపించలేదు, యాడ్ పడింది, అమ్మకాలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. అంత పేరు తెచ్చిన మనిషి తన జీతం ఏడాదికి 25 వేల డాలర్లు దాటనివ్వలేదు. ఎందుకంటే లాయరైన భర్త జార్జ్ కంటే ఎక్కువ సంపాదించకూడదనుకుంది. 1961లో ఆయన పోయాక కంపెనీ ఆమె జీతం రెట్టింపు చేసింది, తర్వాత మళ్ళీ ఇంకోసారి రెట్టింపు చేసింది. ఆయన్ని ఆమె నిజంగా ప్రేమించింది, పనినీ అంతే ప్రేమించింది, కానీ ఆ రెండూ ఒకే ఇంట్లో ఇమడాలంటే తగ్గాల్సింది తనే అని ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలుసు, నాకు బాధేసేది అక్కడే.

మేరీ వెల్స్ తగ్గలేదు. ఇంటర్‌పబ్లిక్ అనే యాడ్ ఏజెన్సీల గ్రూపులో పనిచేస్తూ బ్రానిఫ్ విమానాలకి రంగురంగుల పెయింట్లు వేయించి, ఎయిర్ హోస్టెస్‌లకి ఇటలీ ఫ్యాషన్ డిజైనర్ ఎమిలియో పూచీ డిజైన్ చేసిన బట్టలు తొడిగించిన మనిషి ఆమె. ప్రెసిడెంట్ అధికారాలన్నీ ఇస్తాను గానీ ఆ పదవి పేరు మాత్రం ఇవ్వలేను, ఆడ ప్రెసిడెంట్‌ని జనం ఒప్పుకోరు అన్నాడట పై బాస్ మేరియన్ హార్పర్. ఆమె బయటికి నడిచి 1966లో ఇద్దరు సహచరులతో కలిసి సొంత కంపెనీ పెట్టింది. మరుసటి ఏడాది పెళ్ళి చేసుకుంది ఎవరిని అనుకున్నారు, తన క్లయింట్ బ్రానిఫ్‌కి అధిపతి అయిన హార్డింగ్ లారెన్స్‌ని! కొన్నాళ్ళకి భర్త కంపెనీ అకౌంట్, అంటే వాళ్ళ యాడ్ల పని, వదిలేసి, దానికంటే పెద్దదైన టీడబ్ల్యూఏ విమాన సంస్థ అకౌంట్ పట్టింది. ఇది సీరియల్లో పెట్టి ఉంటే మరీ సినిమాటిక్‌గా ఉందనేవాళ్ళం.

క్లయింట్ అంటే అంత వణుకు ఎందుకో కూడా చెప్పాలి. అప్పటి ఏజెన్సీలకి ఆదాయం ప్రధానంగా కమిషనే, క్లయింట్ టీవీలో, పత్రికల్లో యాడ్లకి పెట్టే ఖర్చులో 15 శాతం. ఐడియాకి విడిగా రేటు లేదు. ఒక పెద్ద క్లయింట్ వెళ్ళిపోతే పదుల మంది ఉద్యోగాలు పోయేవి. సీరియల్లో జాగ్వార్ కార్ల అకౌంట్ కోసం జోన్‌ని ఒక మనిషి దగ్గరికి ఒక రాత్రికి పంపే ఎపిసోడ్ ఈ లెక్క తెలిసి చూస్తే ఇంకా భయంకరంగా ఉంటుంది. బేరంలో ఆమెకి దక్కింది కంపెనీలో 5 శాతం వాటా. చాలామంది ఆమెని తప్పుపట్టారు, నేను మాత్రం ఆ టేబుల్ చుట్టూ కూర్చుని లెక్కలేసిన మగ పార్ట్‌నర్లనే తప్పుపడతాను.

చివరి సీజన్లో ఆ కంపెనీని మెకాన్ అనే పెద్ద యాడ్ ఏజెన్సీ కొనేస్తుంది. మెకాన్ అంటే మేరీ వెల్స్‌కి కుర్చీ ఇవ్వనన్న హార్పర్ నడిపిన సంస్థే, ఇంటర్‌పబ్లిక్ పుట్టిందే దాన్నుంచి. కథలో అక్కడి వేధింపులు భరించలేక జోన్ ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ప్రభుత్వ కమిషన్ పేరెత్తుతుంది, లేడీస్ హోమ్ జర్నల్ పత్రిక ఆఫీసులో ఆడవాళ్ళు ధర్నా చేసిన సంగతి గుర్తుచేస్తుంది. ఆ ధర్నా నిజంగా జరిగింది, 1970 మార్చిలో. అయినా జోన్‌కి దక్కింది తన వాటా కింద రావాల్సిన 5 లక్షల డాలర్లలో సగమే.

ఆ సగంతోనే ఇంట్లో భోజనాల బల్ల మీద సొంత కంపెనీ మొదలుపెడుతుంది. ప్రేమించినవాడు నేనా, పనా అన్నట్టు నిలబడితే, వెళ్ళనిచ్చి మోగుతున్న ఫోన్ ఎత్తుతుంది. కంపెనీ పేరు హాలోవే హారిస్. రెండు పేర్లుంటేనే నిజమైన కంపెనీలా వినిపిస్తుందని తన పుట్టింటి పేరూ పెళ్ళి పేరూ కలిపి పెట్టుకుంది, ఇద్దరు పార్ట్‌నర్లూ తనే.