నోట్లో పట్టే చేపంతా మేతే

ఏంజెల్ ఫిష్ పిల్లను, ఎనిమిది నియాన్ టెట్రా చేపల్ని ఒకే అక్వేరియం తొట్టిలో వేశాను. నాలుగైదు నెలలు ఏ గొడవా లేదు. ఆ తర్వాత రోజుకొకటి చొప్పున టెట్రాలు కనపడకుండా పోతుంటే ఫిల్టర్‌ను అనుమానించాను, ఒక ఉదయం ఏంజెల్ పొట్ట ఉబ్బి ఉండటం చూశాక గానీ సంగతి తెలియలేదు. రెండూ అమెజాన్ ప్రాంతపు చేపలే, రెండింటికీ ఒకే నీరు సరిపోతుంది. కానీ ఏంజెల్ అరచేతంత పెరుగుతుంది, టెట్రా 3 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

అందుకే షాపులో రంగు కంటే ముందు "ఇది ఎంత పెరుగుతుంది?" అని అడగండి, ఎందుకంటే అక్కడ మనం చూసేవి చాలావరకు పిల్లలే.

చేపల్ని కలిపి పెంచేముందు తర్వాత చూడాల్సింది నీరు. గోల్డ్ ఫిష్ చైనాలో కార్ప్ జాతి నుంచి వచ్చింది, 20 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, టెట్రాలకేమో 25 కావాలి. పైగా గోల్డ్ ఫిష్ బాగా తింటుంది, అంతే అమ్మోనియా వదులుతుంది, అది మొప్పల్ని దెబ్బతీస్తుంది. ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది, కానీ ఆ బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెల పైనే పడుతుంది కాబట్టి కొత్త తొట్టిలో మొదటిరోజే అన్ని చేపలూ వేసేయకండి.

మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్ళు కఠినంగా, అంటే లవణాలు ఎక్కువగా ఉంటాయి. గప్పీ, మోలీ, ప్లాటీలకు ఆ నీళ్ళు బాగా పడతాయి, నియాన్ టెట్రాకు పడవు.

స్వభావం సంగతీ ఉంది. టైగర్ బార్బ్‌లు రెండో మూడో తెస్తే పక్క చేపల పొడవాటి రెక్కలు కొరికేస్తాయి, అవే ఎనిమిది పది ఉంటే ఎక్కువగా వాటిలో అవే తరుముకుంటాయి. మగ బెట్టాలు (ఫైటర్ ఫిష్) రెండు ఒకే తొట్టిలో ఉంటే కొట్టుకుని చస్తాయి. మొదటిసారి పెంచేవాళ్ళకు 80 లీటర్ల తొట్టిలో నాలుగైదు ప్లాటీలు, ఎనిమిది జీబ్రా డానియోలు చెబుతాను. డానియో మన దేశపు వాగుల చేపే, గుంపుగా ఉంటేనే ధైర్యంగా తిరుగుతుంది.

పాచి తింటుందని చెప్పి అంటగట్టే సక్కర్ ఫిష్‌ను మాత్రం తేవద్దు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ చేప అడుగు దాటి పెరుగుతుంది, తొట్టి చాలక జనం చెరువుల్లో, కాలవల్లో వదిలేస్తున్నారు, అక్కడ దాని గట్టి ముళ్ళకు జాలర్ల వలలు చిరిగిపోతున్నాయి. ఇప్పటికే తెచ్చుకుని ఉంటే తిరిగి షాపుకే ఇచ్చేయండి.