కేంద్రక భౌతికశాస్త్రంలో డిగ్రీ విద్యార్థుల పరిశోధన: అపోహలు - వాస్తవాలు

న్యూక్లియర్ ఫిజిక్స్ ప్రొఫెసర్‌నని చెప్పగానే ఎదుటివారి మొదటి ప్రశ్న బాంబు గురించి, రెండోది రేడియేషన్ గురించి. బీఎస్సీ పిల్లలతో పరిశోధన చేయిస్తానంటే మూడోది కూడా వస్తుంది: “ఆ వయసులో వాళ్లకేం తెలుస్తుందండీ?” బాంబు సంగతి ఒక్క మాటలో తేల్చేయవచ్చు. మేం చూసేది కేంద్రకం ఎలా కట్టుకుని ఉంది, ఎలా విడిపోతుంది అన్నదే. అందులో దాచవలసిన రహస్యమేమీ లేదు. మిగతా రెండు ప్రశ్నలకు మాత్రం తీరిగ్గా జవాబు చెప్పాలి.

అపోహ: ఆ ల్యాబ్‌లో అడుగుపెడితే ఆరోగ్యం పాడవుతుంది

“మా అమ్మాయిని అక్కడికి పంపవచ్చా సార్?” అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. విద్యార్థులు వాడే సీజియం-137, కోబాల్ట్-60 మూలాలు ప్లాస్టిక్ బిళ్లల్లో మూసి ఉంటాయి, మైక్రోక్యూరీల స్థాయిలో, అంటే చాలా తక్కువ రేడియోధార్మికతతో ఉంటాయి. ఒక మైక్రోక్యూరీ సీజియం బిళ్లకు అడుగు దూరంలో కూర్చున్నవారికి దాని నుంచి అందే మోతాదు, నేల నుంచీ ఆకాశం నుంచీ ఎప్పుడూ అందుతూ ఉండే సహజ మోతాదు కన్నా తక్కువ. మన ఒంట్లోని పొటాషియం-40లోనే సెకనుకు సుమారు నాలుగు వేల విఘటనలు జరుగుతుంటాయి. అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీ విధించిన పరిమితి సాధారణ ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ (రేడియేషన్ మోతాదు కొలమానం), రేడియేషన్ వృత్తిలో ఉన్నవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20. మా పిల్లల విషయంలో నేను పాటించేది మొదటిదే.

ల్యాబ్‌లో నేను నిజంగా భయపడేవి వేరే ఉన్నాయి. గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్‌ను చల్లబరిచే ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది. తలుపులు మూసిన గదిలో ఒలికితే ఆక్సిజన్ అందక మనిషి కుప్పకూలిపోతాడు. డిటెక్టర్‌కు ఇచ్చే విద్యుత్తు వేల వోల్టుల్లో ఉంటుంది. కవచంగా పేర్చే సీసపు ఇటుక ఒక్కొక్కటి పది కిలోల పైమాటే. చెప్పులతో వచ్చినవారిని ఆ ఇటుకల జోలికి పోనివ్వను, వాటిని ముట్టుకున్నవారిని చేతులు కడగకుండా క్యాంటీన్‌కు పంపను.

అపోహ: యాక్సిలరేటర్ లేనిదే పరిశోధన లేదు

ఢిల్లీలో ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లోనూ ముంబయిలో టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌లోనూ పెల్లెట్రాన్లు ఉన్నాయి, కోల్‌కతాలో సైక్లోట్రాన్ ఉంది. ఇవన్నీ కణాలను మహావేగంతో ఉరికించే యాక్సిలరేటర్లు. అక్కడ బీమ్ (కణాల ధార) కావాలంటే ప్రతిపాదన రాసి కమిటీని ఒప్పించాలి, ఇచ్చిన కొద్ది షిఫ్టుల్లోనే పని ముగించుకోవాలి. డిగ్రీ విద్యార్థిని నేరుగా అక్కడికి తీసుకెళ్తే యంత్రాన్ని చూసి వస్తాడు, అంతే.

మొదలు పెట్టడానికి మన సముద్రతీరం చాలు. భీమిలి, కళింగపట్నం వైపు నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది, మోనజైట్‌లో థోరియం ఉంది. అనుమతితో తెచ్చిన ఇసుకను ఎండబెట్టి, జల్లించి, డబ్బాలో గాలి చొరబడకుండా మూసి, రేడాన్ సమతుల్యత కోసం, అంటే లోపల పుట్టే రేడాన్ వాయువు ఎంత పుడుతోందో అంతే విఘటనం చెందే స్థితి కోసం, సుమారు నెల రోజులు పక్కన పెడతాం. ఆ తర్వాత డిటెక్టర్ మీద పెట్టి రాత్రంతా లెక్కపెట్టనిస్తే పొద్దుటికి స్పెక్ట్రమ్, అంటే ఏ శక్తి గల గామా కిరణాలు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫ్, తయారవుతుంది. 911 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఆక్టినియం, 1460 దగ్గర పొటాషియం, బాగా కుడివైపున 2614 దగ్గర థాలియం-208 పీక్‌లు (శిఖరాలు) నిలబడి ఉంటాయి. వీటిని పట్టికలో చూసి గుర్తుపట్టడం పెద్ద పనేమీ కాదు. అసలు కథ 2103 దగ్గర మొదలవుతుంది. అక్కడొక చిన్న పీక్ ఉంటుంది. విద్యార్థి దానికి పేరు వెతుక్కుంటూ పట్టికంతా తిరగేస్తాడు, ఇసుకలో ఉండే అవకాశమే లేని ఏదో కేంద్రకాన్ని పట్టుకొస్తాడు.

జవాబు చెప్పడానికి నాకు అర నిమిషం పట్టదు. అయినా చెప్పను. “దానికీ చివరి పీక్‌కూ మధ్య తేడా ఎంత?” అని మాత్రం అడుగుతాను. తీసివేస్తే 511 వస్తుంది. 511 అంటే ఎలక్ట్రాన్ నిశ్చల శక్తి అని వాళ్లు ఇంటర్‌లో చదువుకున్నదే. ఆ సంఖ్య ఇక్కడెందుకు వచ్చిందని ఆలోచించడం మొదలవుతుంది. 2614 శక్తి గల గామా కిరణం డిటెక్టర్ లోపల ఎలక్ట్రాన్-పాజిట్రాన్ జంటగా మారుతుంది. ఆ పాజిట్రాన్ మరో ఎలక్ట్రాన్‌ను కలిసి నశించినప్పుడు 511 శక్తితో రెండు ఫోటాన్లు పుడతాయి. వాటిలో ఒకటి డిటెక్టర్ దాటి బయటికి పోతే లెక్కలో ఆ మేరకు తగ్గుతుంది. అయితే రెండూ పోతే? విద్యార్థి తనంతట తానే 1592 దగ్గరికి వెళ్లి చూస్తాడు. అక్కడ ఇంకో పీక్ ఉంటుంది. ఎదుట కనిపించేదల్లా ఇసుకలోదే కాదనీ, కొంత మన పరికరం పుట్టించినదనీ తెలిసిన ఆ క్షణం నుంచి అతను పరిశోధకుడే. ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం కూడా అదే.

అపోహ: డిగ్రీ పిల్లలవి చిల్లర పనులు, కనుగొనేది పెద్దవాళ్లు

అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ సైక్లోట్రాన్ ప్రయోగశాల కోసం 2000ల మొదట్లో ‘మోనా’ అనే న్యూట్రాన్ డిటెక్టర్ కట్టారు. ఒక్కొక్కటి 2 మీటర్ల పొడవున్న 144 ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మెరుపునిచ్చే పదార్థం) కడ్డీలు. వాటిని కూర్చి, పరీక్షించినవారిలో ఎక్కువమంది పీహెచ్‌డీ కోర్సులే లేని చిన్న కాలేజీల డిగ్రీ విద్యార్థులు. ఆ డిటెక్టర్‌తోనే బెరీలియం-16 రెండు న్యూట్రాన్లను ఒకేసారి వదులుతుందన్న ఫలితం 2012లో వెలువడింది. కడ్డీకి టేపు చుట్టేటప్పుడు వెలుతురు చొరబడే సందు మిగిలితే ఆ కొలత నమ్మదగింది కాకుండా పోయేది. చిల్లర పనికీ పెద్ద పనికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

అపోహ: టాపర్లకే సాధ్యం

నేను చూసేది లాగ్‌బుక్. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంత వోల్టేజి ఇచ్చారు, ఏది అనుమానంగా అనిపించింది అన్నవి రాసుకునే అలవాటు ఉన్నవారికి మిగతావి నేర్పవచ్చు. ఫలితం పక్కన కొలతలో దోషం (ఎర్రర్) ఎంతో రాయనివారు ఎన్ని మార్కులు తెచ్చుకున్నా నాకు సంతృప్తి ఉండదు. వయసు కూడా అడ్డం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ శాస్త్రానికి పునాది వేసిన స్వామి జ్ఞానానంద హిమాలయాల్లో తపస్సు చేసిన సన్యాసి. ఆ తర్వాతే ఐరోపా వెళ్లి ప్రాగ్‌లో, లివర్‌పూల్‌లో పరిశోధన చేశారు.

అపోహ: ప్రొఫెసర్లు పిల్లల చేత వెట్టిచాకిరీ చేయించుకుని పేపర్లు రాసుకుంటారు

అలా చేసేవారు లేరని అనను, అది తప్పు. కానీ లాభం కోసమే అయితే ఈ పని ఎవరూ చేయరు. 2018 యూజీసీ నిబంధనల్లో పరిశోధన పాయింట్ల పట్టిక చూడండి. పీహెచ్‌డీ ఒకటి పూర్తి చేయిస్తే 10 పాయింట్లు, పీజీ డిసర్టేషన్‌కు 2. బీఎస్సీ విద్యార్థికి నేర్పినందుకు ఆ పట్టికలో గడే లేదు. పైగా నేను రెండు గంటల్లో ముగించే కాలిబ్రేషన్ (తెలిసిన మూలాలతో పరికరాన్ని సరిచూడడం) వాళ్లతో వారం పడుతుంది. ఆ వారం ఇవ్వలేనివారు విద్యార్థులను తీసుకోకూడదు. డేటాను విశ్లేషించి, వాదనను తన నోటితో సమర్థించగలిగిన విద్యార్థి పేరు పేపర్ మీద ఉండి తీరాలి.

అపోహ: చదివితే ఉద్యోగాలు ఉండవు

హైదరాబాద్‌లోనే అణు ఇంధన కర్మాగారం ఎన్‌ఎఫ్‌సీ, అణు ఖనిజాల సంస్థ ఏఎండీ ప్రధాన కార్యాలయం ఉన్నాయి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో రేడియేషన్ మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టులు కావాలి, చమురు బావుల్లో లోతు పొడవునా గామా కిరణాలను కొలిచే గామా లాగింగ్ చదవగలిగేవారు కావాలి. అన్నిచోట్లా పనికొచ్చేది ఆ ఇసుక డబ్బా దగ్గర నేర్చుకున్నదే.

ఆసక్తి ఉన్నవారు సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ప్రకటన సాధారణంగా ముందు ఏడాది చివరి నెలల్లోనే వస్తుంది, వేసవి దాకా ఆగితే అవకాశం పోతుంది. ఏ ప్రొఫెసర్‌కైనా ఉత్తరం రాస్తే మీ కాలేజీ ల్యాబ్‌లో చేసిన ఒక ప్రయోగం గురించి, అందులో మీకు అర్థం కాని ఒక సంగతి గురించి రాయండి. మార్కుల జాబితా తర్వాత పంపవచ్చు.