బొగ్గుకు తేమ పెట్టే పరీక్ష

1986లో చెర్నోబిల్ రియాక్టర్ పేలినప్పుడు గాలిలో కలిసిన అయోడిన్ 131 గడ్డి మీద పడింది. ఆ గడ్డి మేసిన పశువుల పాలు తాగిన పిల్లల మెడలోని థైరాయిడ్ గ్రంథిలోకి చేరింది. ఏది మామూలు అయోడినో, ఏది రేడియోధార్మిక అయోడినో ఆ గ్రంథికి తెలియదు. తర్వాతి ఏళ్లలో అక్కడి పిల్లల్లో వేలమందికి థైరాయిడ్ కేన్సర్ వచ్చింది. అందులో గణనీయమైన భాగానికి ఆ పాలే కారణం.

ఈ అయోడిన్ అర్ధజీవిత కాలం, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 8 రోజులే. 80 రోజులు ఆపగలిగితే వెయ్యో వంతు మిగులుతుంది. అంటే దాన్ని బయటికి పోనీకుండా మూడు నెలలు పట్టి ఉంచితే చాలు. ఆ పని చేసేది అణు విద్యుత్ కేంద్రాల గాలి ఫిల్టర్లలో ఉండే యాక్టివేటెడ్ బొగ్గు. ఎక్కువగా కొబ్బరి చిప్పలతో చేస్తారు. ఒక్క గ్రాము బొగ్గులోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు వస్తుంది.

మామూలు అయోడిన్ ఆవిరి ఆ గోడలకు ఇట్టే అంటుకుంటుంది. చిక్కంతా మిథైల్ అయోడైడ్ అనే అయోడిన్ సమ్మేళనంతోనే. అది అంత గట్టిగా అంటుకోదు. పైగా గాలిలో తేమ ఉంటే ఆ రంధ్రాలను నీరే ముందు ఆక్రమిస్తుంది. అందుకే బొగ్గుకు పొటాషియం అయోడైడ్ పట్టిస్తారు. అందులోని మామూలు అయోడిన్ బయటికి వెళ్లి, దాని చోట రేడియోధార్మిక అయోడిన్ కూర్చుంటుంది. ఇంకో మందు ట్రైఇథిలీన్ డయమైన్. అది మిథైల్ అయోడైడ్‌తో రసాయనికంగా కలిసి కట్టిపడేస్తుంది.

మరి ఆ బొగ్గు నిజంగా పనిచేస్తుందా? 30 డిగ్రీల సెల్సియస్, 95 శాతం తేమ ఉన్న గాలిని ముందు 16 గంటలు దాని గుండా పంపి బాగా నానబెడతారు. తర్వాత గంటసేపు రేడియోధార్మిక మిథైల్ అయోడైడ్ కలిపిన గాలి, ఆపైన ఇంకో గంట శుభ్రమైన తేమ గాలి పంపుతారు. ఈ చివరి గంటే నాకు కీలకంగా అనిపిస్తుంది. పట్టుకున్నదాన్ని బొగ్గు మళ్లీ వదిలేస్తుందేమో అప్పుడే తెలుస్తుంది. వెనక పెట్టిన రెండో బొగ్గు పొరలోకి ఎంత జారిందో గామా కిరణాలు లెక్కించి చెబుతారు.

ఒకప్పుడు చాలాచోట్ల ఈ పరీక్షను 80 డిగ్రీల దగ్గర చేసేవారు. ఆ వేడికి పాతబడిన బొగ్గు కూడా చురుగ్గా మారి పాసైపోయేది. అసలు ప్రమాదంలో అది చేతులెత్తేసే అవకాశం ఉన్నా, కాగితం మీద మాత్రం మంచి మార్కులే. అమెరికా అణు నియంత్రణ సంస్థ 1999లో 30 డిగ్రీల పరీక్షే చేయమని విద్యుత్ కేంద్రాలను కోరింది. సరైన పనే చేసింది.

ఊరికే ఉన్నా బొగ్గు పాడవుతూనే ఉంటుంది. పెయింట్ వాసనలు, ద్రావకాల ఆవిర్లు రంధ్రాల్లో చేరి చోటు తినేస్తాయి. ఫిల్టర్‌కు గాలి వెళ్లే గదిలో గోడకు రంగు వేస్తే, ఆ బొగ్గు నమూనాను మళ్లీ ల్యాబ్‌కు పంపాల్సిందే.