చిన్న సబ్‌మెరైన్‌కి ఏ పవర్ పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: బ్యాటరీ ఎంతుంటే అంత దూరం. నెమ్మదిగా పోతే ఇంకా దూరం.

వాస్తవం: సగమే నిజం. నీళ్లలో వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ఇద్దరు కూర్చునే బోటు 2 నాట్స్ (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) వేగానికి 2 కిలోవాట్లు తీసుకుంటుందనుకుందాం. 4 నాట్స్‌కి 16 కావాలి. దీనికి లైట్లు, శబ్ద తరంగాలతో దారి చూసే సోనార్, కార్బన్ డయాక్సైడ్ తీసేసే స్క్రబ్బర్ ఫ్యాన్ కలిపి ఎప్పుడూ లాగే 1.5 కిలోవాట్లు జోడించండి. బ్యాటరీ 40 యూనిట్లది. 4 నాట్స్‌లో 9 నాటికల్ మైళ్లకే ఖాళీ. 2 నాట్స్‌లో 23 మైళ్లు వస్తాయి. 1 నాట్‌కి తగ్గిస్తే? మళ్లీ 23 మైళ్లే! మోటారు ఆదా చేసిందంతా లైట్లూ ఫ్యాన్లూ గంటల తరబడి తినేస్తాయి. ఈ బోటుకి 1.4 నాట్స్ దగ్గర అత్యధికంగా 25 మైళ్ల పైచిలుకు వస్తాయి. అక్కడ మోటారు లోడ్ స్థిరమైన లోడ్‌లో సరిగ్గా సగం. అందుకే మోటారు కేటలాగ్ తెరిచేముందు ఫ్యాన్లు, లైట్ల జాబితా రాయాలి.

అపోహ: లిథియం పెడితే బోటు తేలికవుతుంది.

వాస్తవం: నీటి కింద బోటు బరువు, అది తొలగించే నీటి బరువుతో సమానంగా ఉండాల్సిందే. బ్యాటరీలో తగ్గిన బరువును సీసం దిమ్మెలుగా మళ్లీ ఎక్కించాలి, లేదా అంత బరువుకీ సెల్స్ నింపుకోవాలి. లాభమంతా ఆ రెండో దారిలోనే. అడుగున ఉన్న లెడ్-యాసిడ్ బ్యాటరీ బోటును నిలకడగా ఉంచేదని మరవకండి. లెడ్-యాసిడ్‌లోకి ఉప్పునీరు చేరితే క్లోరిన్ పుడుతుంది, చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. లిథియం సెల్ అంటుకుంటే ఆర్పడం కష్టం. ఏదైనా కేబిన్ బయటే ఉండటం మేలు. అమెరికా పరిశోధక సబ్‌మెరైన్ ఆల్విన్‌లో బ్యాటరీలను మనుషులుండే గట్టి గుల్ల (హల్) బయట, నూనె నింపిన పెట్టెల్లో పెట్టారు.

అపోహ: చిన్న డీజిల్ ఇంజను చాలు.

వాస్తవం: 10 కిలోవాట్ల డీజిల్ గంటకు 45 ఘనపు మీటర్ల దాకా గాలి పీలుస్తుంది. 4 ఘనపు మీటర్ల కేబిన్‌లో గాలి అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. 1943లో జర్మన్ యుద్ధనౌక టిర్పిట్జ్‌పై దాడికి వెళ్లిన బ్రిటిష్ బుల్లి సబ్‌మెరైన్లు ఎక్స్-క్రాఫ్ట్‌లు కూడా పైన డీజిల్‌తో, కింద బ్యాటరీతో నడిచినవే.

అపోహ: పెద్ద ఫిన్లు (చేప రెక్కల్లాంటి పలకలు) ఉంటే చురుగ్గా తిరుగుతుంది.

వాస్తవం: ఫిన్ బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 4 నాట్స్ నుంచి 1కి వస్తే పదహారో వంతే మిగులుతుంది. అడుగున పనంతా ఆ వేగంలోనే కాబట్టి నిలువు, అడ్డు థ్రస్టర్లు (బోటును ఆ దిక్కుకి నెట్టే చిన్న మోటారు ఫ్యాన్లు) తప్పవు. నిలువు థ్రస్టర్ గురుత్వ కేంద్రానికి దూరమైతే బోటు పైకి లేవకుండా ముక్కు ఎత్తుతుంది. బయటికి పొడుచుకొచ్చిన ప్రతి భాగమూ వలలకు కొక్కెమే. 2005 ఆగస్టులో కమ్చట్కా దగ్గర రష్యా చిన్న సబ్‌మెరైన్ ఏఎస్-28 సుమారు 190 మీటర్ల లోతున వలలు, కేబుళ్లలో చిక్కుకుంది. బ్రిటిష్ స్కార్పియో రోబో వాటిని కోసి అందులోని ఏడుగురినీ విడిపించింది.

అపోహ: ఆపదలో నీళ్లు నింపిన ట్యాంకుల్లోకి గాలి ఊదితే పైకి వచ్చేస్తాం.

వాస్తవం: 300 మీటర్ల దగ్గర పీడనం 31 బార్ (ఒక బార్ అంటే దాదాపు నేలపై ఉండే గాలి ఒత్తిడి). 500 లీటర్ల ట్యాంకు ఖాళీ చేయడానికి 15,500 లీటర్ల మామూలు గాలి కావాలి. 200 బార్‌లో నింపిన 50 లీటర్ల సిలిండర్ అక్కడ ఇచ్చేది దాదాపు 8,450 లీటర్లే. రెండుంటే బొటాబొటి. 6,000 మీటర్లలో, అంటే మన చెన్నై ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) వారి సబ్‌మెరైన్ మత్స్య-6000 లక్ష్యంగా పెట్టుకున్న లోతులో, బయటి పీడనం సిలిండర్‌లోని 200 బార్‌ని మించిపోతుంది కాబట్టి ఆ గాలి బయటికే రాదు. అలాంటి లోతులకి వదిలేసే బరువులే గతి. వాటిని విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచితే కరెంటు పోగానే అవే జారిపోతాయి.